పావు గోలీల లెక్క

పశువైద్యంలో ముప్పై మూడేళ్ళు ప్రభుత్వానికీ, ఆరేళ్ళు సొంతంగానూ పనిచేశాను. ఏడాదికొకటి చొప్పున ముప్పై తొమ్మిది రిజిస్టర్లు ఇప్పటికీ నా మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ప్రతి పేజీకీ తొమ్మిది గళ్ళు. చివరిది రిమార్కులు. తోటివాళ్ళు చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేసేవారు. నేను వదిలేదాన్ని కాదు, ఒక్క పిల్లి విషయంలో తప్ప. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు ఆ పిల్లి సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి ఇంతకాలం పట్టింది. తేదీలు రాస్తాను గానీ సంవత్సరం రాయను. ఆ ఇంటివాళ్ళు ఇంకా ఇబ్రహీంపట్నంలోనే ఉన్నారు.

రిటైరయ్యాక నేను సాగర్ రోడ్డు మీద ఒక మడిగె అద్దెకు తీసుకుని బోర్డు పెట్టాను. దుకాణం గదిని అక్కడ మడిగె అంటారు. ఆదిభట్ల వైపు విమానాల భాగాలు చేసే కంపెనీలు, కంప్యూటర్ల కంపెనీ వచ్చాక ఎకరాల్లో మాట్లాడుకునే ఊళ్ళు గజాల్లో మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఒకప్పుడు ఈనిన గేదె మాయ వేయలేదని పరుగెత్తుకొచ్చిన రైతే, ఇప్పుడు కారు వెనక సీట్లో కుక్కపిల్లను కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. ప్రభుత్వ దవాఖానలో పాతికేళ్ళు నాతో పనిచేసిన కాంపౌండరు నాకన్నా ఆరునెలల ముందు రిటైరయ్యాడు. ఇంట్లో తోచక, పైగా కోడలు పెట్టే టీ నచ్చక మళ్ళీ నా దగ్గరికే చేరాడు. ఆయన స్థానికుడు. నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి అక్కడే ఉండిపోయినదాన్ని. ఇది ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

పిల్లికి బీపీ ఏమిటని ఆ రోజుల్లో అందరూ నవ్వేవారు. ముసలి పిల్లుల్లో, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనపడ్డ వాటిలో, రక్తపోటు పెరుగుతుంది. చూడటానికి నా దగ్గర రెండే వస్తువులు ఉండేవి. నెలలు నిండని పసిపిల్లల చేతికి చుట్టే సన్నని పట్టీ ఒకటి. కాళ్ళ రక్తనాళాలు చూసే డాక్టరు ఒకాయన పాతదైందని అమ్మేసిన చిన్న డాప్లర్ యంత్రం ఇంకొకటి. ముంగాలికి పట్టీ చుట్టి, పంజా కింద చిటికెడు జెల్ రాసి డాప్లర్ మొన ఆనిస్తే, లోపలి నాడి హుష్ హుష్‌మని బయటికి వినిపిస్తుంది. పట్టీలో గాలి నింపితే ఆ చప్పుడు ఆగిపోతుంది. మెల్లగా గాలి వదిలితే ఏ అంకె దగ్గర చప్పుడు తిరిగి వస్తుందో అదే లెక్క. నూట అరవై దాటకూడదు. పని ఇంతే. కానీ కొత్తచోట పిల్లికి భయంతోనే అంకె పెరుగుతుంది. కాబట్టి తలుపు మూసి, పది నిమిషాలు ఆగి, మొదటి అంకె వదిలేసి, తర్వాతి ఆరు తీసుకుని సగటు కట్టాలి. ఇది నాకు తెలుసు. తెలిసీ చేయకపోవడం నుంచే ఈ కథ మొదలైంది.

జూన్ 11, మంగళవారం. ఒక అత్తా కోడలూ వెదురు బుట్టలో బూడిదరంగు చారల పిల్లిని తెచ్చారు. పదమూడేళ్ళది. అత్తగారిది ఆ చుట్టుపక్కల పేరున్న రైతు కుటుంబం. ఊరంతా పటేలు అని పిలిచే భర్త పోయి ఏడాది కావస్తోంది. కోడలు హయత్‌నగర్‌లో స్థిరపడిన గుంటూరు వాళ్ళ అమ్మాయి. ఆదిభట్లలో ఉద్యోగం, కంపెనీ బస్సులో రాకపోకలు. పిల్లి రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు మామగారి గదిలో గోడకెదురుగా నిలబడి, మనిషి మూలిగినట్టు అరుస్తోందని కోడలు చెప్పింది. "సెలవురోజుల్లో నేను విన్నానండీ. ఆయన భోంచేసే టైమది" అని గొంతు తగ్గించింది.

బయట రోడ్డు మీద డప్పులు, లోపల గొలుసు లాగుతున్న ఒక కుక్క. కాంపౌండరు పిల్లిని గట్టిగా పట్టుకున్నాడు. నేను ఒక్కసారే చూశాను. 212. ఇంత గోలలో ఏ పిల్లికైనా అంతే వస్తుందనుకున్నాను. రిమార్కుల గడిలో 'దడుపు' అని రాశాను.

"దీనికేం లేదమ్మా, దడుచుకుంది" అన్నాను.

అత్తగారు తలెత్తింది. "జడుసుకున్నదా?"

"అవును, దడుచుకుంది."

"దేన్ని జూసి?"

నేను చేతులు కడుక్కుంటున్నాను. అటు తిరగకుండానే, వాటికి కనపడేవీ వినపడేవీ మనకు కనపడవు కదా అన్నాను. నా మనసులో ఉన్నవి కుక్క వాసన, డప్పులు. ఆ ఇంట్లో జడుసుకోవడమంటే వేరు, గాలి సోకడం. పసిపిల్ల జడుసుకుంటే తాయెత్తు కడతారు. ముప్పై ఏళ్ళు ఆ ప్రాంతంలో ఉండి ఆ సంగతి తెలియనిదాన్ని కాదు. ఆ క్షణాన గుర్తురాలేదు, అంతే.

పదమూడు రోజుల తర్వాత, జూన్ 24 సోమవారం, మళ్ళీ తెచ్చారు. బుట్ట మూత తీయగానే కాంపౌండరు రెండడుగులు వెనక్కి వేశాడు. పిల్లి కళ్ళలో రంగు లేదు. చుట్టూ ఉండాల్సిన ఆకుపచ్చ అంచు కూడా లేకుండా రెండు నల్లటి గుంటలు. రెప్ప వేయడం లేదు. కాంపౌండరు నా చెవి దగ్గరికి వచ్చి, "మేడం, అది మనల సూస్తలేదు. మన ఎనకాల సూస్తున్నది" అన్నాడు. నా వెనక తెల్లటి గోడ తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఒకసారి తిరిగి చూశానని ఒప్పుకుంటాను.

టార్చి వేస్తే కంటిపాప ముడుచుకోలేదు. అద్దం పెట్టి చూస్తే లోపలి పొర ఊడి తెరలా వేలాడుతోంది. గోడకు చెమ్మ ఎక్కితే సున్నం ఉబ్బి ఊడుతుంది చూడండి, రక్తపోటు ఎక్కువైతే కంటి వెనక పొర అలాగే ఊడుతుంది. ఈసారి తలుపు మూసి, కుక్కలన్నిటినీ పంపేసి, ఏడుసార్లు చూశాను. మొదటిది వదిలేస్తే ఆరింటి సగటు 228. పిల్లి గుడ్డిదైపోయింది. జూన్ 11న నేను పది నిమిషాలు ఆగి ఉంటే కాకపోయేది.

ఈ పదమూడు రోజుల్లో ఆ ఇంట్లో జరిగింది కోడలు చెప్పింది. మనకు కనపడనిదాన్ని చూసి పిల్లి జడుసుకుందని డాక్టరమ్మే చెప్పిందని అత్తగారు చుట్టాలందరికీ చెప్పిందట. కొడుకు పిల్లి మెడకు తాయెత్తు కట్టించాడు. వంటామె మానేసింది. కోడలు పై అంతస్తుకు మారింది. పెద్దాయన పోయింది ఆ గోడ పక్కనే, కంచం ముందు కూర్చుని ఉండగానే. పక్షవాతం వచ్చి ఒరిగిపోయాడు. ఆయనకూ బీపీయే.

నేను మాట వెనక్కి తీసుకోవడానికి ప్రయత్నించాను. ఇది గాలి కాదు, జబ్బు అని రెండుసార్లు చెప్పాను. కోడలు తల ఊపింది. అత్తగారు నా ముఖంలోకి మర్యాదగా చూసింది.

మందు మనుషులకిచ్చే బీపీ మాత్రే. రెండున్నర మిల్లీగ్రాములది, నాలుగు ముక్కలు చేసి రోజుకొక ముక్క. అత్తగారు ఆ అట్టను వెలుతురుకు పట్టి చూసింది. "గివ్వే. ఆయనవి గూడ గివ్వే గోలీలు" అంది. అట్ట తిరిగి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది. ముక్కలు ఎలా చేయాలో నేను బ్లేడుతో చూపించబోతే, పెద్దాయన అడకత్తెర ఉంది, దానితో చేస్తానంది. పది మాత్రలు, నలభై ముక్కలు. ఆయనదే ఒక జర్దా డబ్బీని కడిగి అందులో వేసుకుంటానంది. నేను సంతోషించాను. ఇంత శ్రద్ధ ఉన్న మనిషి అరుదు.

జూలై 4, గురువారం. సగటు 158. టార్చి వేస్తే కంటిపాప కొద్దిగా కదిలింది. దూది ఉండ కింద పడేస్తే పిల్లి తల అటు తిప్పింది. మధ్యాహ్నం అరుపు కూడా తగ్గిందన్నారు. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు మాత్రం, "ఇంక గా మూలకు సూడదా?" అనడిగింది.

"చూడదక్కా."

"అసలుకే సూడదా?"

"అసలుకే చూడదు. నయమైపోతుంది" అన్నాను గర్వంగా. ఆమె పిల్లిని బుట్టలో పెట్టి, తాయెత్తు సరిచేసి వెళ్ళిపోయింది.

ఆగస్టు 1, గురువారం. సగటు 214. కంటిపాపలు మళ్ళీ నల్లటి గుంటలు. పిల్లి మళ్ళీ ఆ గోడ దగ్గరికి చేరిందట. మందు వేయడం లేదేమోనని డబ్బీ తెప్పించి లెక్కపెట్టాను. జూన్ 24 నుంచి జూలై 31 దాకా ముప్పై ఎనిమిది రోజులు. నలభైలో రెండు మిగలాలి. రెండే ఉన్నాయి. లెక్క తప్పలేదు కాబట్టి జబ్బే ముదిరిందనుకున్నాను. రోజుకు రెండు ముక్కలు చేసి, ఇంకో పది మాత్రలిచ్చాను. కాంపౌండరు మాత్రం డబ్బీ మూత పెడుతూ, "లెక్క మంచిగనే ఉన్నది మేడం, పిల్లే మంచిగ లేదు" అన్నాడు. నేను ఆ మాటలోని తెలివిని పట్టించుకోలేదు.

ఆగస్టు 10న కొడుకు ఫోన్ చేశాడు. ప్లాట్ల వ్యాపారం చేసే మనిషి. గట్టిగా మాట్లాడే అలవాటున్నా ఆ రోజు మెల్లగా మాట్లాడాడు. పిల్లి మధ్యాహ్నం గంటసేపు అరుస్తోంది, భార్య పుట్టింటికి వెళ్ళిపోతానంటోంది. "పదిహేను నాడు సెలవున్నది మేడం. గా దినం దానికి నిద్ర ఇంజెక్షన్ ఇచ్చెయ్యుండ్రి. గా గోడ గూడ తీపిచ్చేస్త. అమ్మనేమో పిల్లి పోతే నేను గూడ పొలంకాడ మోటరు రూముల ఉంటా అంటున్నది." ఒక్కసారి ఇంటికొచ్చి చూస్తానన్నాను. సొంత ఇంట్లో, భయం లేనిచోట కూడా రెండు వందలు దాటితే ఆయన చెప్పినట్టే చేస్తానని మాటిచ్చాను. పిల్లి ప్రాణం, ఆ పెద్దావిడ ఇంట్లో ఉండటం రెండూ ఒక అంకె మీద ఆధారపడ్డాయి. ఆ మందు సీసా సంచిలో వేసుకునే వెళ్ళాను.

ఆగస్టు 12, సోమవారం, పదకొండూ యాభైకి చేరాం. రెండంతస్తుల కొత్త ఇల్లు, మెరిసే బండలు. కోడలు సెలవు పెట్టి ఉంది. హాలు దాటి వెనక్కి వెళ్తే ఒక్కసారిగా చల్లబడింది. పాత ఇల్లు పడగొట్టినప్పుడు పెద్దావిడ ఒక్క గదిని కూల్చనివ్వలేదట. కొత్త ఇంటిని దాని చుట్టూ కట్టారు. మూరెడు మందం మట్టిగోడ, సున్నం పూత, నా భుజం ఎత్తున ఒక గూడు. గూటికి పాత పంచె ముక్క తెరలా వేలాడుతోంది. కింద నేల మీద చాప. ఆయన కూర్చునే చాప అదేనట. కాంపౌండరు గడప దగ్గరే ఆగిపోయాడు. చెప్పులు విప్పడం ఇష్టం లేదన్నాడు. అప్పటికే విప్పేసి ఉన్నాడు.

పెద్దావిడ చాప పక్కన కూర్చుని పిల్లిని ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాన్ చప్పుడు ఆగాక ఆ గదిలో ఎంత నిశ్శబ్దం ఉందో తెలిసింది. డాప్లర్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి నేను పని ఆపలేదు. నాడి దొరికింది, వేగంగా, పిల్లి నాడిలాగే. పట్టీలో గాలి నింపాను. చప్పుడు ఆగింది.

ఆగగానే పిల్లి తల ఎత్తి గూటివైపు తిప్పింది. గుడ్డి పిల్లి.

అప్పుడు యంత్రంలోంచి ఇంకో చప్పుడు వచ్చింది. మెల్లగా, బరువుగా, ఒకటి, ఆగి ఇంకొకటి. చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో నడిచినట్టు. పట్టీ బిగించి ఉంది. పిల్లి నాడి వినపడే వీలు లేదు. గడప దగ్గర కాంపౌండరు దేవుణ్ణి తలుచుకోవడం వినిపించింది.

"అగో, నడుస్తుండు" అంది పెద్దావిడ.

నేను కిందికి చూశాను. పిల్లి పంజాను పట్టుకున్న పెద్దావిడ బొటనవేలు మీదికి డాప్లర్ మొన జారి ఉంది.

"ఇది నీ నాడి అక్కా" అన్నాను.

ఆమె కాసేపు విన్నది. "నాదా? నేనింత మెల్లగ నడుస్తనా" అంది.

మొన సరిచేసుకుని పని పూర్తి చేశాను. ఆరింటి సగటు 222. రెండు వందలు దాటింది. అలవాటు కొద్దీ డబ్బీ అడిగి లెక్కపెట్టాను. పాతవి రెండు, కొత్తవి నలభై. ఆగస్టు 1 నుంచి 11 దాకా రోజుకు రెండు చొప్పున ఇరవై రెండు పోతే ఇరవై ఉండాలి. ఇరవై ఉన్నాయి. ఇక నేను చేయగలిగింది సంచిలో ఉన్న సీసా ఒక్కటే.

పన్నెండున్నర అయింది. పెద్దావిడ పిల్లిని నేల మీద దించి, నా చేతిలోంచి డబ్బీ తీసుకుని, రెండు ముక్కలు అరచేతిలో వేసుకుంది. పిల్లి నోరు తెరుస్తుందని ఎదురుచూశాను. ఆమె పిల్లి వైపు చూడనైనా చూడలేదు. లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, గూటి తెర తొలగించింది. పిల్లి ఆమె వెనకే తడుముకుంటూ వెళ్ళి గోడకెదురుగా నిలబడి అరవడం మొదలుపెట్టింది. ముప్పై తొమ్మిదేళ్ళలో చాలా జంతువుల అరుపులు విన్నాను. ఆ అరుపు ఎవరినో పిలిచినట్టుంది.

"ఎవరికక్కా అవి?" అన్నాను.

"ఆయనకు."

దాచుకోవాలన్న ఆలోచన ఆమెకు లేదు. మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది. పెద్దాయన బతికున్నప్పుడు బీపీ గోలీ ఎన్నడూ మింగలేదట. భార్య చేతిలో పెడితే నోట్లో వేసుకున్నట్టు నటించి, ఆమె అటు తిరగగానే ఆ గూట్లో పడేసేవాడు. ఆయన పోయాక గూడు దులిపితే గుప్పెడు గోలీలు రాలాయి. "ఒక్కదినం గూడ నేను తిరిగి సూడలే డాక్టరమ్మా. మింగినవా అంటే మింగిన అన్నడు. నమ్మిన" అంది. తర్వాత పిల్లి గూటి వైపు చూడటం మొదలుపెట్టింది. "జడుసుకున్నదని నువ్వే చెప్తివి గద. మనకు కనబడదంటివి. నాకు సమజైంది, వచ్చిండని. నువ్విచ్చిన గోలీ తోని అది సూసుడు బంద్ జేసింది. సూడకపోతె ఆయన వచ్చిండో లేడో నాకెట్ల ఎరుక? అందుకే దానికి బంద్ జేసి ఆయనకు పెడ్తున్న. ఆయనకు గూడ గదే రోగం గద."

నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాట ఆ గదిలో రెండు నెలలుగా కాపురం ఉంటోంది. నాకు తెలిసిన పని లెక్కపెట్టడం. లేచి గూడు చూశాను.

ముక్కలు పారేసినట్టు లేవు. ఇత్తడి పళ్ళెంలో వరసకు ఏడు చొప్పున పేర్చి ఉన్నాయి. ఎప్పటినుంచి పెడుతున్నావంటే జూలై 9 మంగళవారం నుంచని చెప్పింది. నెలాఖరు దాకా ఇరవై మూడు, ఆగస్టువి ఇరవై రెండు. నలభై అయిదు ఉండాలి. ఆ రోజువి రెండూ ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. నలభై నాలుగు. రెండో వరసలో మూడోచోటు ఖాళీగా ఉంది. వేలితో రోజులు లెక్కకట్టాను. జూలై 18, గురువారం.

"ఇక్కడొకటి లేదు" అన్నాను.

"అవ్. గదొక్కటి మింగిండు" అంది. "గా దినం ఆయన సంవత్సరీకం. అందరం కూసోని పెట్టినం. గప్పుడన్న నా మాట విన్నడు."

నేను కోడలి వైపు చూశాను. ఆమె గడప దాటి రాలేదు. ఆ రోజు ఇంట్లో నలభై మంది ఉన్నా ఈ గదికి గొళ్ళెం పెట్టే ఉంచామని, అత్తగారు తప్ప ఎవరూ రాలేదని చెప్పింది. ఆ మధ్యాహ్నం పిల్లి అరవలేదని కూడా అంది. చాప దులిపించాను. గోడ మూలలు టార్చి వేసి చూశాను. చీమ లేదు, పొడి లేదు. నా భుజం ఎత్తున ఉన్న గూటికి గుడ్డి పిల్లి ఎగరలేదు. నువ్వే మింగావా అని పెద్దావిడను అడిగాను. "నాకెందుకు, నాకు బీపీ లేదు గద" అని ఆశ్చర్యపోయింది.

ఇక నిర్ణయం నాది. జరిగింది కొడుక్కి చెబితే గోడ పడుతుంది, తల్లిని ఏదో ఆసుపత్రికి తీసుకెళ్తాడు. చెప్పకపోతే మూడు రోజుల్లో పిల్లి పోతుంది. మందు ఆపకపోయి ఉంటే దాని రక్తపోటు 158 దగ్గరే ఉండేదని నాకిప్పుడు తెలుసు. ఇలా రెండింటి మధ్య నిలబడటం నా అలవాటు కాదు. ఏ కేసులోనైనా నిజాన్ని గడిలో రాసేసేదాన్ని.

"అక్కా, గోలీ ఆయనకెంత అవసరమో దీనికీ అంతే. ఒకరిది తీసి ఒకరికి పెట్టకూడదు" అన్నాను.

ఆమె ఆలోచించింది. "మరి అది సూడదు గద."

"చూడదు. కానీ ఆయనుండగా ఇది రోజూ చూసి అరిచేదా?"

"లే. పక్కన పండేది. పెరుగన్నం పెడ్తుండె."

"మరి ఇప్పుడెందుకు అరుస్తోంది? తలనొప్పికి అరుస్తోంది. ఆయన పిల్లిని ఆయన ముందే ఏడిపిస్తున్నాం."

పిల్లి ఇంకా అరుస్తూనే ఉంది. చివరికి ఆమె అరచేయి నా ముందు చాపింది. ఒక ముక్క నేను తీసుకుని పిల్లి నోట్లో వేశాను. ఇంకొకటి ఆమె గూట్లో, కొత్త వరసలో పెట్టింది. పిల్లికి అందకుండా పళ్ళెం మీద గిన్నె బోర్లించమన్నాను. బోర్లించింది.

చీటీ మీద ఇలా రాశాను. ఉదయం ఒక ముక్క, పిల్లికి. మధ్యాహ్నం ఒక ముక్క. ఉదయంది ఆరూ నలభైకి, కంపెనీ బస్సు ఎక్కేముందు కోడలు తన చేత్తో వేయాలన్నాను. ఆమె చీటీ చదివి, "రెండోది ఎవరికో రాయలేదండీ" అంది. మీ అత్తగారు చూసుకుంటారన్నాను. ఆమె గూటి వైపు ఒకసారి చూసి చీటీ మడిచింది. కొడుక్కి ఫోన్ చేసి, మందు పిల్లికి సరిగా చేరడం లేదని, ఇక చేరుతుందని, నెలరోజులు గడువివ్వమని చెప్పాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

బయటికొచ్చాక కాంపౌండరు చెప్పులు వేసుకుంటూ, "పటేలు మందు మింగిండంటే నేను నమ్మ మేడం. గంత మొండోడు" అన్నాడు.

సెప్టెంబరు 12, సగటు 154. చూపు మాత్రం రెండోసారి తిరిగి రాలేదు. పిల్లి మళ్ళీ ఆ గోడ దగ్గరే పడుకునేది, కాకపోతే గోడకు వీపు ఆనించి, నిశ్శబ్దంగా. కోడలు కింది అంతస్తుకు దిగింది. గోడ నిలిచింది. నెలకోసారి వెళ్ళినప్పుడల్లా పిల్లి కాలికి పట్టీ చుట్టడం అయ్యాక గిన్నె ఎత్తి లెక్కపెట్టేదాన్ని. ప్రతిసారీ ఒక్కటే తక్కువ. పెరిగేదీ కాదు, తగ్గేదీ కాదు.

ఈ కేసు నుంచి మీరు నేర్చుకోవాల్సినవి చెప్పి ముగిస్తాను. అంకె ఎక్కువ వస్తే భయమని రాసేముందు మళ్ళీ చూడండి. జబ్బు గురించి మాట్లాడేటప్పుడు చేతులు కడుక్కుంటూ మాట్లాడకండి, వినేవాళ్ళ ముఖం చూడండి. డబ్బీలోంచి ఎన్ని పోయాయో మాత్రమే లెక్క చెబుతుంది, ఎవరికి చేరాయో చెప్పదు. ఈ మూడూ నాకు తెలిసిన సంగతులు. నాలుగోది నాకు తెలియదు.

పిల్లి మరుసటి ఏడు మార్చి 31, సోమవారం సాయంత్రం నిద్రలోనే పోయింది. మర్నాడు పెద్దావిడ ఒక్కతే ఆటోలో నా మడిగెకు వచ్చి, పెద్ద స్టీలు డబ్బా బల్ల మీద పెట్టింది. గూట్లోవన్నీ అందులో ఉన్నాయి. సూసేది పోయింది, ఇంక పెట్టనంది. "నువ్వు లెక్క పెడ్తవని తెచ్చిన" అంది.

ఆగస్టు 12 నుంచి మార్చి 31 దాకా రెండు వందల ముప్పై రెండు రోజులు. అంతకుముందువి నలభై అయిదు. రెండు వందల డెబ్బై ఏడు ఉండాలి. కాంపౌండరు ఒక కుప్ప, నేనొక కుప్ప లెక్కపెట్టి, కుప్పలు మార్చుకుని మళ్ళీ లెక్కపెట్టాం. రెండు వందల డెబ్బై ఆరు.

పెద్దావిడ కుర్చీలో ముందుకు వంగింది. "ఎన్ని తక్కువున్నయి?"

"ఒక్కటే."

ఆమె వెనక్కి వాలి కూర్చుంది. అంత తేలికపడ్డ ముఖం ఆమెలో నేను అంతకుముందు చూడలేదు. "గంతే. లెక్క సక్కగనే ఉన్నది" అని లేచి, డబ్బా అక్కడే వదిలి ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రం రిజిస్టరు తీశాను. జూన్ 11 వరసలో 'దడుపు' అన్న మాటను కొట్టేసి, పక్కన 'నా పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను. ఏప్రిల్ 1 వరసలో ఎనిమిది గళ్ళూ నింపాను. తొమ్మిదోది అలాగే ఉంది.